పెరటి పిట్టలను వీడియో తీయాలంటే ముందు పీట వేసుకోండి

కావలిలో మా ఇంటి వెనక పెరడు పెద్దదేమీ కాదు. ఒక నిమ్మ చెట్టు, ఒక కరివేపాకు చెట్టు, రెండు మందారాలు, గోడవారన మునగ, బట్టలు ఆరేసే దండెం, దాని పక్కన నీళ్ళ తొట్టి. ఈ కాస్త జాగాలో ఆరేళ్ళుగా నా కళ్ళతో చూసి పుస్తకంలో రాసుకున్న పక్షులు 41 రకాలు. వాటిలో సగానికి పైగా మామూలు ఫోనుతోనే వీడియో తీశాను.

మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పిట్టలను చూడటమంటే నేలపట్టు వెళ్ళి రావడమే అనుకునేవాళ్ళు ఎక్కువ. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు నేలపట్టు తిరుపతి జిల్లాలో చేరింది కానీ, మన మనసులో అది ఇప్పటికీ నెల్లూరుదే. గూడబాతులు గూళ్ళు పెట్టే చలికాలంలో తప్పకుండా వెళ్ళి చూడండి. అయితే అక్కడ మనం గడిపేది ఒక్క పూట. పెరట్లో పిట్ట ఏడాది పొడవునా మనతోనే ఉంటుంది. గూటికి మొదటి పుల్ల తెచ్చిన రోజు, పిల్ల నోట్లో పురుగు పెట్టిన రోజు, ఎండకు తాళలేక ముక్కు తెరుచుకుని నీడకు చేరిన రోజు, అన్నీ మన వంటింటి కిటికీ ముందే జరుగుతాయి. వాటిని చూడటం, చూసినవాటిని పిట్టకు ఇబ్బంది లేకుండా తీయడం ఎలాగో నాకు తెలిసినంత మేరకు వరుసగా చెబుతాను.

మొదటి పని: పది రోజులు కెమెరా ముట్టుకోకండి

"ఏ కెమెరా కొనమంటారు?" అని అడిగిన ప్రతివారికీ నేను చెప్పే మాట ఒకటే. ముందు ఇంట్లో ఉన్న పీట తీసుకెళ్ళి పెరట్లో వేసుకోండి.

వెనక గోడో చెట్టో ఉండే మూల చూసుకోండి. వెనక ఆకాశం ఉంటే మన ఆకారం నల్లగా తెలిసిపోతుంది, పిట్ట దగ్గరికి రాదు. తెల్ల చొక్కా, తళతళలాడే చీర వద్దు. ఆకుపచ్చ, గోధుమ, బూడిద రంగులు మంచివి. రోజూ ఒకే వేళకు, ఒకే చోట కూర్చోండి. తెల్లవారాక మొదటి గంట అన్నిటికన్నా మేలు. వీలైతే సాయంత్రం ఐదు దాటాక మరో అరగంట. మొదటి రెండు మూడు రోజులు ఏదీ దగ్గరికి రాకపోవచ్చు. ఓపిక పట్టండి. నాలుగైదు రోజులకు తొట్టిలా, దండెంలా మీరు కూడా పెరట్లో ఒక భాగమైపోతారు.

ఒక నోటు పుస్తకం దగ్గర పెట్టుకుని మూడే సంగతులు రాయండి: వేళ, ఎక్కడ వాలింది, ఏం చేసింది. పేరు తెలియకపోతే రూపం రాయండి, పేరు తర్వాత దొరుకుతుంది. నా పుస్తకంలో ఒక మార్చి ఉదయం ఇలా ఉంది:

"6-05. పసులపోలిగాడు కరెంటు తీగ మీద. పురుగు కోసం దూకి మళ్ళీ అదే చోటికి. పదకొండు సార్లు. 6-20. మగ తేనెపిట్ట మునగ ఎండు పుల్ల మీద వాలి, అటూ ఇటూ చూసి, అప్పుడు పువ్వు దగ్గరికి. 6-40. జెముడుకాకి గోడ మీద రెక్కలు పరిచి ఎండ కాచుకుంటోంది. 6-50. ఉడుత తోక కొట్టుకుంటూ ఆపకుండా అరుపు. చూస్తే గోడ మీద పిల్లి."

ఈ నాలుగు వాక్యాలే నాకు ఆ నెలంతా వీడియోలు ఇచ్చాయి. పసులపోలిగాడు వేట ముగించి బయలుదేరిన చోటికే తిరిగి వస్తుంది కనుక, దాని వెంట కెమెరా తిప్పనక్కరలేదు. తీగ మీద గురి పెట్టుకుని కూర్చుంటే చాలు. తేనెపిట్ట పువ్వు దగ్గర క్షణం నిలవదు, ఎండు పుల్ల మీద మాత్రం రెండు మూడు క్షణాలు ఆగుతుంది. అందుకని ముందే పుల్ల మీద ఫోకస్ పెట్టుకోవాలి. ఉడుత అదే పనిగా అరుస్తుంటే అది చూస్తున్న వైపు మీరూ చూడండి. పిల్లో, డేగో, పామో ఉంటుంది. ఇవేవీ కెమెరా పెట్టెతో పాటు వచ్చే కాగితాల్లో ఉండవు.

పేర్ల విషయం. గోరువంక, పిగిలిపిట్ట, రామచిలుక, ఊరపిచ్చుక, కోకిల, కాకి, తేనెపిట్ట, ఆకులు కుట్టి గూడు కట్టే దర్జీపిట్ట, ఆరేడు కలిసి రాలిన ఆకులు తిరగేస్తూ గోల చేసే బూడిదరంగు పిట్టలు: ఇవి దాదాపు ప్రతి పెరట్లోనూ ఉంటాయి. అక్టోబరు నుంచి మార్చి దాకా వలస వచ్చేవి కలుస్తాయి. పసుపు ముద్దలాంటి వంగపండు పిట్ట మా మునగ మీద వాలేది ఆ నెలల్లోనే. పేరు తెలియనివాటికి కార్నెల్ విశ్వవిద్యాలయం వారి మెర్లిన్ అనే ఉచిత యాప్ సాయం చేస్తుంది. భారతదేశపు పక్షుల జాబితా దించుకుంటే, పిట్ట కూత వినిపించినా పేరు సూచిస్తుంది. అప్పుడప్పుడు పొరబడుతుంది కాబట్టి కంటితో చూశాకే పేరు ఖాయం చేయండి. ఇంట్లో పెద్దవాళ్ళను కూడా అడగండి. యాప్‌లో లేని పేర్లు వాళ్ళ దగ్గర ఉంటాయి.

రెండో పని: నీళ్ళు పెట్టండి

మన వైపు పిట్టను పెరట్లోకి రప్పించేది గింజకంటే నీరే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య ఋతుపవనంతో వస్తాయి. ఫిబ్రవరి నుంచి కుంటలు ఎండుతూ పోతాయి. రోళ్ళు పగిలే రోహిణి కార్తె నాటికి పిట్టకు గుక్కెడు నీళ్ళు దొరకడం గగనమవుతుంది. కనిగిరి, పొదిలి వైపు మెట్ట ఊళ్ళలో ఈ కష్టం ఇంకా ఎక్కువ.

వెడల్పాటి మట్టి మూకుడు తీసుకోండి. అంచు దగ్గర నీరు ఒక వేలి మందం, మధ్యలో రెండంగుళాలకు మించకూడదు. కాళ్ళు అడుగుకు ఆనితేనే చిన్న పిట్ట స్నానానికి దిగుతుంది. స్టీలు, గాజు, ప్లాస్టిక్ గిన్నెల్లో కాలు జారుతుంది. మధ్యలో గరుకు రాయి ఒకటి పెట్టండి. ఒంగోలులో మా బంధువు ఒకరు చీమకుర్తి నల్లరాతి పలకతో ముచ్చటగా నీళ్ళ పళ్ళెం చేయించారు. ఎండలో నల్లరాయి కాలిపోయి నీళ్ళు మసిలినంత పని అయింది. దాన్ని చెట్టు నీడకు మార్చాకే పిట్టలు దిగాయి. మట్టిపాత్రకైనా మధ్యాహ్నం నీడ పడేలా చూడండి.

మూకుడు పొదకు రెండు మీటర్ల దూరంలో ఉండాలి. మరీ దగ్గరైతే పొదలో పిల్లి పొంచి ఉంటుంది. మరీ దూరమైతే డేగ వచ్చినప్పుడు పిట్టకు దాక్కునే చోటుండదు. నీళ్ళు రోజూ పారబోసి, కొబ్బరి పీచుతో రుద్ది, కొత్తవి పోయండి. దోమ గుడ్డు పెరిగి రెక్కలతో పైకి లేవడానికి వారం పది రోజులు పడుతుంది. రోజూ మారే నీటిలో దోమ పెరగదు. ఇరుగుపొరుగువారు దోమల గురించి అడిగితే ఈ మాటే చెప్పండి.

ఇంకొకటి చేస్తే మరీ మంచిది. మందుల దుకాణంలో వాడని కొత్త సెలైన్ గొట్టం తెచ్చి, కొమ్మకు కట్టిన సీసా నుంచి మూకుడులోకి చుక్క చుక్కగా పడేలా అమర్చండి. గొట్టానికి ఉన్న చక్రం తిప్పి క్షణానికో చుక్క పడేలా సరిచేసుకోవచ్చు. నిలవ నీటిని పట్టించుకోని పిట్ట కూడా చుక్క పడే చప్పుడుకి దిగి వస్తుంది. మే నెలలో ఒక మధ్యాహ్నం ఈ చుక్క కింద మా పిగిలిపిట్ట తలపెట్టి, కళ్ళు మూసుకుని, ఒక్కో చుక్క తల మీద పడ్డప్పుడల్లా ఈకలు ఉబ్బించి కూర్చుంది. దాని వెనక రాయి మీద రెండు పిచ్చుకలు తమ వంతు కోసం కాచుకున్నాయి. అప్పుడు నా చేతిలో ఫోను లేదు. ఉన్నా తీసేదాన్ని కాదేమో, కదిలితే లేచిపోతుందని.

మూడో పని: తిండి, చెట్లు

మా అవ్వ కోతల కాలంలో వరి కంకులు తెచ్చి జడలా అల్లి వసారాలో వేలాడదీసేది. ఆ కుచ్చు పిచ్చుకలకు ఇప్పటికీ సాటిలేని భోజనం. కంకుల కుచ్చు దొరకకపోతే నూకలు, సజ్జలు, కొర్రలు కొద్దిగా చల్లండి, ఆ పూటకు అయిపోయేంత మాత్రమే. ఉప్పు వేసిన అన్నం, మిక్చరు, బ్రెడ్డు పెట్టకండి. తేనెపిట్టకు చక్కెర నీళ్ళు వద్దు. దానికి మందారం, నూరు వరహాలు, మునగ పూత, అరటి పువ్వు ఉంటే చాలు. బొప్పాయి, జామ కాయల్లో ఒకటి రెండు చెట్టునే పండనివ్వండి. కరివేపాకు చెట్టుకు కాసే నల్లటి పండ్లను తెంపి పారేయకండి. కోకిల, పిగిలిపిట్ట వాటి కోసమే వస్తాయి. ఇవన్నిటికన్నా ముఖ్యం, పురుగుల మందు కొట్టకండి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పెట్టేది పురుగులనే.

చిలుకలు జామచెట్టుకు వస్తాయి. వచ్చి పోనివ్వండి. 2018లో రామచిలుకను మన రాష్ట్ర పక్షిగా ప్రకటించారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దాన్ని పంజరంలో పెంచడం నేరం.

నాలుగో పని: వెలుగు ఎటునుంచి వస్తుందో చూసుకోండి

ఇక కెమెరా. ఖరీదైన కెమెరా కన్నా ఎండ వచ్చే దిక్కు ఎక్కువ పని చేస్తుంది. సూర్యుడు మీ వీపు వెనకో, పక్క నుంచో ఉండాలి. ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా, సాయంత్రం ఐదు తర్వాత వెలుగు మెత్తగా ఉంటుంది. మధ్యాహ్నం తీస్తే కాకి, కోకిల, పసులపోలిగాడు లాంటి నల్ల పిట్టలు బొగ్గు ముద్దల్లా వస్తాయి. ఉదయం పక్కవాటు వెలుగులోనే మగ కోకిల ఈకల్లో నీలి మెరుపు, ఎర్రటి కన్ను కనిపిస్తాయి.

కెమెరాను శాశ్వతంగా ఒకచోట బిగించేవారు ఉత్తర ముఖంగా పెట్టడం సామాన్యంగా మంచిది. అయితే మన అక్షాంశంలో మే నుంచి ఆగస్టు రెండో వారం దాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి కాస్త ఉత్తరంగానే ఉంటాడు. ఆ నెలల్లో కెమెరా మీద చిన్న రేకు చూరులా కట్టండి.

పిట్ట వెనక ఏముందో కూడా చూడండి. దండెం మీద తువ్వాళ్ళు, ప్లాస్టిక్ బకెట్టు, తెల్లగోడ ఉంటే పిట్ట వాటిలో కలిసిపోతుంది. నాలుగైదు మీటర్ల దూరంలో ముదురు ఆకుపచ్చ ఉంటే అన్నిటికన్నా బాగుంటుంది. నేను మూకుడును ఒక్క అడుగు పక్కకు జరిపి, వెనక కరివేపాకు చెట్టు వచ్చేలా చేశాను. ఆ ఒక్క అడుగుతో వీడియోల తీరే మారిపోయింది.

ఐదో పని: ఫోనుతో తీయడం

ఫోనును అడ్డంగా పట్టుకోండి. చేత్తో పట్టుకుంటే వణుకు తప్పదు. ముక్కాలి స్టాండు లేకపోతే రెండు ఇటుకల మధ్య ఇసుక సంచి పెట్టి దానిలో నిలపండి. పిట్ట వాలే చోట తెర మీద వేలితో కాసేపు నొక్కి పట్టుకుంటే ఫోకస్, వెలుగు రెండూ అక్కడే నిలిచిపోతాయి. ఆ తర్వాత ఆకు కదిలినా ఫోను తడబడదు. తెరను రెండు వేళ్ళతో సాగదీసే జూమ్‌ను నమ్ముకోకండి. ఫోనులో ఉన్న అసలు లెన్సు జూమ్ దాటాక అది బొమ్మను కత్తిరించి పెద్దది చేస్తుందంతే. దానికి బదులు పిట్ట వచ్చే చోటికి ఫోనునే దగ్గరగా పెట్టి మీరు దూరంగా జరగండి.

దానికొక పద్ధతి ఉంది. ఫోను పెట్టదలచిన చోట ముందుగా నాలుగు రోజులు ఫోనంత చెక్కముక్కనో, ఖాళీ డబ్బానో పెట్టండి. మొదటి రోజు పిట్టలు మెడలు సాచి చూస్తాయి. మూడో రోజుకి దాని మీదే వాలతాయి. అప్పుడు డబ్బా తీసి ఫోను పెట్టి, రికార్డు నొక్కి ఇంట్లోకి వెళ్ళిపోండి. అరగంట తర్వాత వచ్చి చూసుకోండి. మీరు పక్కన లేనప్పుడు పిట్ట చేసే పనులు వేరుగా ఉంటాయి. నేను తీసినవాటిలో నాకు బాగా ఇష్టమైనవన్నీ నేను అక్కడ లేనప్పుడు తీసినవే.

దూరపు పిట్టలకు బైనాక్యులర్ ఉంటే దాని కంటి గొట్టానికి ఫోను లెన్సు ఆనించి కూడా తీయవచ్చు. 8×42 అని రాసి ఉన్నది పెరటికి సరిపోతుంది. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపుతుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో.

స్నానం, ఎగరడం, పురుగు పట్టడం లాంటివి స్లో మోషన్‌లో తీయండి. దానికి వెలుగు బాగా ఉండాలి. మిగిలినవన్నీ మామూలు వేగంలోనే, ఒక్కోటి కనీసం పది సెకన్లపాటు కెమెరా కదపకుండా తీయండి. పిట్ట ఎగిరిపోయాక కూడా మూడు నాలుగు సెకన్లు ఆపకండి. ఖాళీ కొమ్మ ఊగుతూ ఉండటం కూడా ఆ దృశ్యంలో భాగమే. పైగా చాలాసార్లు జతపిట్ట వెనకే వస్తుంది.

మన వాతావరణం పెట్టే ఇబ్బందులు మూడు. ఏసీ గదిలోంచి తెచ్చిన ఫోను లెన్సుకు బయటి ఉక్కకు వెంటనే ఆవిరి పడుతుంది. తుడిచినకొద్దీ మళ్ళీ పడుతుంది. ఒక సంచిలో పెట్టి అరగంట ముందే వసారాలో ఉంచండి. రెండోది వేసవి. ఎండలో పెట్టిన ఫోను వేడెక్కి తనంతట తానే ఆగిపోతుంది. దాని తొడుగు తీసేసి, మీద తెల్లగుడ్డ కప్పి, లెన్సు మాత్రం తెరిచి ఉంచండి. మూడోది సముద్రపు గాలి. మధ్యాహ్నం దాటాక వీచే ఆ గాలి మైకులో హోరుమంటుంది. మైకు రంధ్రం మీద పలచని స్పాంజి ముక్క అతికిస్తే చాలావరకు తగ్గుతుంది. తీరం దగ్గర ఉన్నవారు లెన్సు మీద పేరుకునే ఉప్పు జిడ్డును రోజూ మెత్తటి గుడ్డతో తుడవాలి.

గూడు కనిపించినప్పుడు

ఈ భాగం నిదానంగా చదవమని అడుగుతున్నాను.

నాలుగేళ్ళ కిందట మా వసారా దండెం చివర తేనెపిట్ట గూడు కట్టింది. సంచిలా వేలాడే గూడు. సాలెపురుగు దారాలతో అల్లి, బయట బెరడు ముక్కలూ, ఎండుటాకుల పొట్టూ అంటించి, చూసేవారికి గాలికి చిక్కుకున్న చెత్తలా కనిపించేలా కట్టింది. పక్కనే సన్నజాజి తీగ ఒకటి గూటి ద్వారానికి అడ్డంగా వేలాడేది. వీడియో స్పష్టంగా రావాలని ఆ తీగ రెండు కొమ్మలు కత్తిరించాను. మర్నాడు ఉదయం అద్భుతమైన వీడియో వచ్చింది. తల్లి తలదూర్చి పెట్టడం, రెండు చిన్న నోళ్ళు, నారింజరంగు గొంతులు. ఆ సాయంత్రం కాకి వచ్చింది. నాకు కనిపించినంత స్పష్టంగానే దానికీ కనిపించింది. తల్లి మర్నాడంతా నోట్లో పురుగుతో దండెం మీదికి వచ్చి వెళ్ళింది. ఆ వీడియోను నేను ఎవరికీ చూపలేదు.

అప్పటినుంచి మా ఇంట్లో గూటి విషయంలో ఈ నియమాలున్నాయి. మీరూ పాటించండి. గూటి చుట్టూ ఒక్క ఆకు కూడా కత్తిరించకూడదు, పక్కకు కట్టకూడదు. గూడు కట్టే రోజుల్లో, గుడ్లు పొదిగే రోజుల్లో అసలు తీయవద్దు, అప్పుడు బెదిరితే గూడు వదిలేసే ప్రమాదం ఎక్కువ. పిల్లలు పుట్టి తల్లీతండ్రీ తిండి తెస్తున్నప్పుడు దూరం నుంచి, అయిదు నిమిషాలకు మించకుండా తీయండి. ఫ్లాష్ వద్దు, డ్రోన్ వద్దు, కూత రికార్డు వినిపించి పిలవడం వద్దు. రోజూ ఒకే దారిలో గూటి దగ్గరికి నడవకండి. కాకులు మన నడకను గమనిస్తాయి. అన్నిటికన్నా తేలికైన గుర్తు ఒకటుంది. నోట్లో పురుగు పట్టుకుని గూటికి వెళ్ళకుండా పిట్ట కొమ్మల మీద అటూ ఇటూ గెంతుతూ అరుస్తోందంటే మీరు అతి దగ్గరగా ఉన్నారని అర్థం. ఆ క్షణమే వెనక్కి వచ్చేయండి. ఆ పురుగు లోపల ఆకలితో ఉన్న పిల్లకు అందాలి.

ఎగరడం రాని పిల్ల నేల మీద కనిపిస్తే వెంటనే ఇంట్లోకి తేకండి. ఈకలు వచ్చిన పిల్ల ఐతే సాధారణంగా తల్లీతండ్రీ చుట్టుపక్కలే ఉండి తిండి పెడుతుంటాయి. పిల్లికి అందకుండా దగ్గర్లోని కొమ్మ మీద ఉంచి పక్కకు తప్పుకుంటే చాలు.

గూడు చూడాలన్న కోరిక మరీ ఎక్కువగా ఉంటే వేసవిలో కాకులను గమనించండి. కోకిల తన గుడ్లను కాకి గూట్లో పెడుతుంది. పెరిగి పెద్దదైన కోకిల పిల్ల కొమ్మ మీద కూర్చుని రెక్కలు ఆడిస్తూ అరవడం, కాకి పరుగున వచ్చి దాని నోట్లో ముద్ద పెట్టడం గూటి జోలికి వెళ్ళకుండానే తీయవచ్చు.

నిమ్మ చెట్టు దగ్గర ఒక నెల

పిట్టలు రాని రోజుల్లో ఏం తీయాలి అని అడిగేవారికి నిమ్మ చెట్టు మీద పెరిగే సీతాకోకచిలుక పురుగును చూపిస్తాను. పొదలకూరు వైపు తోటల్లో రైతుకు ఇది నష్టం చేసే పురుగే, ఆ సంగతి వేరు. పెరట్లో ఒక్క చెట్టు ఉన్నవారు నాలుగు ఆకులు దానికి వదిలేయండి.

వానలు పడి నిమ్మ చిగురు వేసినప్పుడు నలుపు మీద లేత పసుపు మచ్చలున్న సీతాకోకచిలుక చిగుళ్ళ చుట్టూ తిరుగుతుంది. ఒక్కో చిగురు మీద క్షణంసేపు పొట్ట వంచి ఆనించి వెళ్ళిపోతుంది. అక్కడికి వెళ్ళి చూస్తే ఆవగింజకంటే చిన్నదైన లేత పసుపు గుడ్డు ఉంటుంది. మూడు నాలుగు రోజుల్లో పురుగు బయటికి వస్తుంది. మొదట్లో అది గోధుమ, తెలుపు కలిసి అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. పిట్ట దాన్ని తినకుండా పోవడానికి ఆ వేషం. పెద్దదయ్యాక ఆకుపచ్చగా మారి ఆకులో కలిసిపోతుంది. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ముల జత ఒకటి బయటికి తోస్తుంది, ఘాటైన వాసన వేస్తుంది. దాన్ని వీడియో తీయడం కోసం పదేపదే పొడవకండి.

తర్వాత అది ఏదో కొమ్మకు తోక అంటించుకుని, నడుం చుట్టూ ఒక పట్టు దారం కట్టుకుని, వెనక్కి వాలి గూడు కడుతుంది. పచ్చ కొమ్మ మీదైతే పచ్చగా, ఎండు కొమ్మ మీదైతే గోధుమ రంగులో ఉంటుంది. వెచ్చని రోజుల్లో సుమారు వారం పది రోజులకు ఆ గూడు నల్లబడి, పైపొర లోంచి రెక్కల మచ్చలు కనిపిస్తాయి. అది కనిపించిన సాయంత్రమే ఫోను సిద్ధం చేసుకోండి. మర్నాడు పొద్దున్న బయటికి రావచ్చు. ముక్కాలి మీద ఫోను నిలిపి, ఛార్జరు తగిలించి, టైమ్ ల్యాప్స్ (చాలాసేపు జరిగేదాన్ని కాసేపట్లో చూపే పద్ధతి) పెట్టండి. పొర చీలి బయటికి రావడం రెండు మూడు నిమిషాల పని. ఆ తర్వాత ముడతలు పడి ఉన్న రెక్కలు మెల్లగా సాగి ఆరడం చాలాసేపు సాగుతుంది. ఫోను కెమెరా అంత దగ్గర వస్తువు మీద ఫోకస్ కాకపోతే, బట్టల క్లిప్పులా ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు తక్కువ ధరకే దొరుకుతుంది. మొదటిసారి ఈ దృశ్యం చూసినప్పుడు మా అమ్మ పక్కనే కూర్చుని, "ఇన్నేళ్ళు ఈ చెట్టు కాయలే కోశాను" అంది.

రాత్రి తిరిగేవి

రాత్రిళ్ళు మన పెరడు ఎవరిదో తెలుసుకోవాలంటే కదలికకు తనంతట తాను తీసే కెమెరా కావాలి. వేడి ఉన్న శరీరం ముందునుంచి కదిలితే దానిలోని సెన్సార్ మేలుకుంటుంది. మోకాలి ఎత్తులో, జంతువు దారికి మూడు నుంచి అయిదు మీటర్ల దూరంలో కట్టండి. ముందు అరటి ఆకులు ఊగకూడదు. ఎండకు వేడెక్కిన ఆకు ఊగినా అది తీస్తూనే ఉంటుంది, తీరా చూసుకుంటే కార్డు నిండా ఆకులే. మే నెల పగళ్ళలో గాలి వేడి జంతువు ఒంటి వేడికి దగ్గరగా వస్తుంది కనుక సెన్సార్ చాలావాటిని పట్టుకోలేదు. చెడిపోయిందని కంగారుపడకండి. మా దగ్గర ముంగిస, మానుపిల్లి, పందికొక్కు, కప్పల కోసం వచ్చే పైడికంటె అనే చిన్న గుడ్లగూబ పడ్డాయి.

ఇంటికి ఇప్పటికే సీసీ కెమెరా ఉంటే దాన్ని పెరటి వైపు తిప్పినా సరే. దాని పరారుణ దీపాలకు పురుగులు, పురుగుల కోసం సాలీళ్ళు చేరి గూడు అల్లుతాయి. వారానికోసారి దులపండి. పక్కింటివారి పెరడు, కిటికీలు అందులో పడకుండా చూసుకోవడం మన బాధ్యత.

చీకట్లో పెరట్లోకి వెళ్ళేటప్పుడు టార్చి, కాళ్ళకు బూట్లు తప్పనిసరి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర మూడూ మన వైపు ఉన్నవే. పాము కనిపిస్తే కదలకుండా నిలబడి, మెల్లగా వెనక్కి వచ్చి, ఇంటి అరుగు మీద నుంచో కిటికీలోంచో తీయండి. అది జెర్రిపోతే అని ధైర్యం చేసి దగ్గరికి వెళ్ళవద్దు, చంపవద్దు. ఇంట్లోకి వస్తే అటవీశాఖ వారికో, ఊళ్ళో పాములు పట్టి వదిలే వారికో ఫోను చేయండి.

చివరి పని: దాచుకోవడం

తీసిన రోజు రాత్రే చూసి, పనికిరానివి తీసేయండి. వారం ఆగితే అది ఎప్పటికీ జరగదు. మిగిలినవాటికి పేరు మార్చండి, తేదీ, వేళ, పిట్ట, చోటు వరుసలో: "2025-05-28, 6-15, తేనెపిట్ట, మునగ". రెండేళ్ళు ఇలా దాచుకుంటే మీ వీధిలో కోకిల మొదటి కూత ఏ వారంలో వినిపిస్తుందో, వంగపండు ఎప్పుడు వచ్చి ఎప్పుడు వెళ్ళిందో మీరే చెప్పగలుగుతారు. ఆ లెక్కలు, చూసిన పక్షులను ఎవరైనా రాసిపెట్టగల ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో నమోదు చేస్తే పరిశోధన చేసేవారికీ అందుతాయి. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులపాటు ప్రపంచమంతా పెరటి పక్షులను లెక్కపెట్టే కార్యక్రమం జరుగుతుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట ఉండి చూసినవన్నీ నమోదు చేస్తే చాలు. పిల్లలను కూర్చోబెట్టడానికి అంతకన్నా మంచి వేళ లేదు. గుడ్లగూబ గూడు, పైడికంటె తొర్ర ఎక్కడున్నాయో మాత్రం ఎక్కడా బయటపెట్టకండి.

నోటు పుస్తకం మాత్రం మానకండి. నిన్న ఉదయం 6-10కి మా మునగ ఎండు పుల్ల విరిగి కింద పడి ఉంది. మగ తేనెపిట్ట వచ్చి, పుల్ల ఉండే చోట గాలిలో ఒక క్షణం రెక్కలాడిస్తూ నిలిచి, దండెం మీద వాలింది. ఈ రోజు అక్కడ కొత్త పుల్ల ఒకటి కట్టాను.